అక్కా ప్రాకారాల నడుమ

మధ్యధరా తీరాన గల అక్కా నగరాన్ని యాత్రికులు తరచు ఒక్క పూటలో చూసి వెళ్తారు. ప్రాకారం మీద నడిచి, శిలువ యోధుల శాలలు చూసి, రేవు చేరడంతో వారి విహారం ముగుస్తుంది. కాని ఆ రాళ్ల వెనుక ఉన్న చరిత్ర ఒక్క పూటలో తెలిసేది కాదు.

9వ శతాబ్దంలో ఇబ్నె తూలూన్ ఆజ్ఞపై ఈ రేవును బలపరచినవాడు జెరూసలేం శిల్పి అబూబక్ర్. మేడి జాతి దూలాలను నీటిపై పరచి, వాటిమీద రాళ్లు పేర్చి అడుగుకు దించిన వైనాన్ని ఆయన మనుమడు, భూగోళవేత్త అల్ ముఖద్దసీ గ్రంథస్థం చేశాడు.

1104లో నగరం శిలువ యోధుల వశమైంది. 1184లో వచ్చిన అందలూసియా యాత్రికుడు ఇబ్నె జుబైర్ మస్జిదులు చర్చిలు కావడం చూసి బాధపడ్డాడు. అయినా జామె మస్జిదులో కొద్ది చోటు ముస్లింల నమాజుకు మిగిలిందనీ, ఐనుల్ బఖర్ ఊట వద్ద ఉభయ మతస్థులూ ఒకే కట్టడంలో ఎవరి దిక్కుకు వారు తిరిగి ప్రార్థించేవారనీ దాచకుండా వ్రాశాడు.

1187లో సలాహుద్దీన్‌కు దక్కిన నగరం 1191లో చేజారింది. 1291లో మమ్లూక్ సుల్తాన్ అష్రఫ్ ఖలీల్ దానిని జయించి పడగొట్టించాడు. 18వ శతాబ్దంలో జాహిర్ అల్ ఉమర్, ఆపై అహ్మద్ పాషా జజ్జార్ పునర్నిర్మించారు. జజ్జార్ క్రూరుడు, 1781 నాటి సుందర మస్జిదు కట్టించినవాడూ అతడే. 1799లో నెపోలియన్ ఈ గోడలను దాటలేకపోయాడు. 1948లో నగర అరబ్బులలో అత్యధికులు నిర్వాసితులయ్యారు.

స్వజనుల తప్పునూ, పరుల మంచినీ ఉన్నది ఉన్నట్లు చూసినప్పుడే అక్కా యాత్ర సార్థకమవుతుంది. ఇబ్నె జుబైర్ చూపిన మార్గం అదే.