పిడి ఎవరిది?

కత్తి అనగానే లోకానికి మేం గుర్తొస్తాం. సినిమాలో, పేపర్లో, పిల్లల ఆటల్లో కూడా కత్తి పట్టిన చెయ్యి సాయిబుదే. ఆ కత్తికి పిడి వేసిన చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు. మా చరిత్ర రాసినవాళ్లూ అడగలేదు. వాళ్లకి కత్తి దూసిన నవాబులు దొరికారు, అంతటితో కలం మూసేశారు. మేం నవాబుల వారసులం కాదు. రేకుల కొట్టంలో, పొయ్యి పక్కన, పిడులు బిగించుకుని బతికిన చేతులు మావి.

కొత్తూరు మండలంలో ఇన్ముల్‌నర్వ ఉంది. అక్కడి జహంగీర్ పీర్ల దర్గాకి మొక్కున్నవాళ్లు మేకపోతుల్ని తోలుకొస్తారు. ముస్లింలే కాదు, అన్ని కులాల హిందువులూ వస్తారు. అక్కడే కోసి, అక్కడే వండి, పదిమందికి పెట్టి పోతారు. దాన్నే కందూరు అంటాం. కందూరుకి కత్తి కావాలి. కత్తికి పిడి కావాలి. అలుగు కమ్మరి కొట్టింది, చెక్క వడ్లాయన ఇచ్చింది, పిడి మా ఇంట్లో పడింది. మూడు ఇళ్లు కలిస్తేనే ఒక కత్తి. ఈ లెక్క ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు.

ఈ పనికి కార్ఖానా అక్కర్లేదు. దాగలికి బదులు రైలు పట్టా ముక్క. వైసు లేకపోతే రెండు మడమలే వైసు. ఒక సుత్తి, ఒక ఆకురాయి, ఒక చేతి బర్మా, అంతే సరంజామా. తుమ్మో, చింతో, జిట్రేగో బాగా ఎండిన చెక్క తీసుకుంటాం. పచ్చి చెక్క వేస్తే ఎండాక బిగువు వదిలి పిడి ఆడుతుంది. అలుగు తోకని ఎర్రగా కాల్చి, చెక్కలోకి కొంచెం కొంచెంగా దించుతాం. తోక ఆకారానికే బొక్క పడుతుంది. అలుగుకి తడిగుడ్డ చుట్టాలి, లేకపోతే వేడి పైకి పాకి ఉక్కు పదును పోతుంది. లక్కలో ఇటుక పొడి కలిపి కరిగించి, బొక్కలో పోసి తోక దించితే చల్లారేసరికి పట్టేస్తుంది. దక్కన్ తల్వార్ల పిడులు నిలిచిందీ లక్క మీదే.

చెక్క మూతి చీలకుండా ఇత్తడి పొన్ను వేస్తాం. అందులో ఒక మర్మముంది. ఎర్రగా కాల్చి నీళ్లల్లో ముంచితే ఉక్కు బిరుసెక్కుతుంది, ఇత్తడి మెత్తబడుతుంది. మెత్తబడ్డ ఇత్తడిని చెక్క మీద సుత్తితో కూర్చోబెడితే, దెబ్బలకి అదే మళ్లీ గట్టిపడుతుంది. చివరికి గాజుపెంకుతో గీకి, నూనె పట్టిస్తే పిడి చేతికొస్తుంది. ఇది బడిలో చెప్పిన లోహశాస్త్రం కాదు, అబ్బాజాన్ మడమల దగ్గర కూర్చుని నేర్చుకున్నది.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇప్పటి నిజామాబాదు జిల్లా ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు తయారై దేశమంతా పోతున్నాయని 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు థెవెనో రాశాడు. ఆ జిల్లాలోదే కోనసముద్రం. అక్కడి మూస ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. బీదర్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. అక్కడ యశదం, రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, కోట మట్టితో నల్లబరిచారు. బాకులకి బిద్రీ పిడులూ వేశారు. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంకి పోయి చూడండి. మొగల్ బాదుషా జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న చాకు రత్నాలతో మెరుస్తుంటాయి. పట్టుకున్నవాళ్ల పేర్లున్నాయి. చేసినవాళ్ల పేర్లేవి?

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాం కొలువులోని అరబ్బుల నడుముల్నించి జంబియాలు దిగిపోయాయి. మా చేతుల్లో కత్తి అనుమానపు వస్తువైంది. 1962 ఆయుధాల నిబంధనలు తొమ్మిదంగుళాల పొడవో రెండంగుళాల వెడల్పో దాటిన అలుగుని ఆయుధమన్నాయి. ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకి చేసినవాటిని మినహాయించాయి. అంటే చట్టం కూడా ఉక్కునొక్కదాన్నే చూడలేదు, దేనికోసం చేశారని అడిగింది. ఆ జవాబు పిడిలోనే ఉంటుంది. కసాయి కత్తి పిడి నెత్తురులో, కొవ్వులో జారకుండా లావుగా ఉంటుంది. కూరలు తరిగే చాకు పిడి ఆడవాళ్ల గుప్పిట్లో ఇమిడేలా సన్నగా ఉంటుంది. పిడి తెలిసినవాడికి పని తెలుస్తుంది. అలుగు మాత్రమే చూసేవాడికి భయమే కనిపిస్తుంది.

2007లో బీసీ-ఈ జాబితా వచ్చినప్పుడు మాలో అత్తరు సాయిబులు, హజాంలు, ఖసబ్‌లు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు ఉన్నారని చాలామందికి మొదటిసారి తెలిసింది. ముస్లిం అంటే పాలించినవాడే అనుకున్నవాళ్లకి అదొక పాఠం. ఆ జాబితా రిజర్వేషన్ కోసం రాసింది. పనుల చరిత్ర ఇంకా రాయాల్సే ఉంది.

కొత్తూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. 2008లో శంషాబాదులో విమానాలు దిగాయి. 2016లో మా మండలం మహబూబ్‌నగర్ జిల్లా నించి రంగారెడ్డికి మారింది. ప్లాస్టిక్ పిడి చాకు కిరాణా కొట్లోనే దొరుకుతోంది. పిడి ఊడితే బిగించుకునే రోజులు పోయి, పారేసే రోజులొచ్చాయి. పని పోతే పోనీ, పనితనం పేరన్నా మిగలాలి. ఇంకా ఆకురాయి పట్టగలిగిన ముసలాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు. వాళ్లనడిగి రాద్దాం. పొన్ను ఎలా కూర్చోబెట్టారో, లక్క ఎంత కాచారో, కమ్మరి ఇంటికి ఏ పొద్దున పోయారో రాద్దాం. గోల్కొండ గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. రైలు పట్టా ముక్క గురించి మేమే రాయాలి.