గెలిచినా ఇంటికి రాలేని గుర్రాలు.. ఐస్‌లాండ్ గుర్రాల పోటీల రూల్స్ ఏంటి? మార్కులు ఎలా వేస్తారు?

గుర్రాల పోటీ అనగానే మనకు మలక్‌పేట రేస్ కోర్స్ గుర్తొస్తుంది. గేట్లు తెరుచుకుంటాయి, గుర్రాలు దౌడు తీస్తాయి. ముందు గీత దాటిన గుర్రం గెలుస్తుంది. చూసేవాళ్లకు అర్థం కానిదేమీ ఉండదు. కానీ ఐస్‌లాండ్ గుర్రాల పోటీ అలా కాదు. ఇక్కడ గుర్రం ఎంత వేగంగా వెళ్లిందన్నదే కాదు, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేసిందన్నది కూడా లెక్కే. ఒకే గుర్రం ఐదు రకాల నడకలు చూపించాలి. ఒక్కో నడకకు విడిగా మార్కులు పడతాయి.

ఇంకో విశేషం కూడా ఉంది. వరల్డ్ ఛాంపియన్‌షిప్ కోసం ఐస్‌లాండ్ నుంచి బయల్దేరిన గుర్రం గోల్డ్ కొట్టినా సరే, మళ్లీ సొంత దేశంలో అడుగు పెట్టలేదు. రౌతు ఒక్కడే ఇంటికెళ్తాడు. ఎందుకలా? అసలు ఈ పోటీ ఎలా జరుగుతుంది? వివరాలు చూద్దాం.

ఐదు నడకలు ఏవి?

మామూలు గుర్రాలకు మూడు నడకలు ఉంటాయి. మొదటిది నడక. రెండోది ట్రాట్, అంటే ఎదురెదురు మూలల్లోని కాళ్లు జతగా పడే పరుగు. మూడోది క్యాంటర్, దీని వేగం పెరిగితే అదే దౌడు. ఐస్‌లాండ్ గుర్రాలకు వీటికి తోడు మరో రెండు పుట్టుకతోనే వస్తాయి.

ఒకటి టోల్ట్. ఇందులో కాళ్లు వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి వరసలో ఒక్కొక్కటిగా పడతాయి. వరస నడకదే, కానీ వేగం మాత్రం ఎంతైనా పెంచొచ్చు. ఏ క్షణంలోనూ నాలుగు కాళ్లూ గాల్లో ఉండవు. అందుకే జీను మీద కుదుపు దాదాపు తెలియదు. చేతిలో నిండు గ్లాసు పట్టుకుని, చుక్క ఒలకకుండా టోల్ట్‌లో స్వారీ చేసే వీడియోలు చాలామంది చూసే ఉంటారు. ఆ సరదా ఆట వెనకున్న కిటుకు ఇదే.

రెండోది ఫ్లయింగ్ పేస్. ఒక పక్క రెండు కాళ్లు ఒకేసారి ముందుకు, తర్వాత రెండో పక్క రెండు కాళ్లు. మధ్యలో ఒక క్షణం గుర్రం పూర్తిగా గాల్లో తేలుతుంది. ఇది తక్కువ దూరానికి చూపించే మెరుపు పరుగు. ఇందులో మంచి గుర్రాల వేగం గంటకు 45 కిలోమీటర్లు దాటుతుంది.

అన్ని ఐస్‌లాండ్ గుర్రాలకూ పేస్ రాదు. పేస్ వచ్చినవి ఐదు నడకల గుర్రాలు, రానివి నాలుగు నడకల గుర్రాలు. ఈ తేడాకు కారణం జీన్స్‌లో ఉందని 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు ఉంటే గుర్రానికి ఇలాంటి ప్రత్యేక నడకలు వస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ, అంటే రెండు వైపులా ఆ మార్పు వచ్చిన గుర్రాలకే సాధారణంగా పేస్ అబ్బుతుంది.

మన దేశంలోనూ ఇలాంటి నడక ఉంది. రాజస్థాన్ మార్వాడీ, గుజరాత్ కాఠియావాడీ గుర్రాలు వేసే కుదుపు లేని వేగపు నడకను అక్కడివాళ్లు రెవాల్ చాల్ అంటారు.

పోటీని ఎవరు నడిపిస్తారు?

ఐస్‌లాండ్ గుర్రాల సంఘాలన్నీ కలిసి 1969లో ఎఫ్‌ఈఐఎఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్యను పెట్టుకున్నాయి. ఇప్పుడు అందులో 20కి పైగా దేశాలున్నాయి. రూల్ బుక్, జడ్జిల లైసెన్సులు, ప్రపంచ ర్యాంకింగ్ అన్నీ దీని చేతుల్లోనే. వరల్డ్ ఛాంపియన్‌షిప్ రెండేళ్లకోసారి జరుగుతుంది. 2019లో బెర్లిన్, 2023లో నెదర్లాండ్స్‌లోని ఓయిర్‌స్కాట్, 2025లో స్విట్జర్లాండ్‌లోని బిర్మెన్‌స్టోర్ఫ్ ఆతిథ్యమిచ్చాయి. కోవిడ్ వల్ల 2021లో పోటీ రద్దయింది.

ఐస్‌లాండ్‌లో మాత్రం జాతీయ జాతర లాంటి పోటీ వేరే ఉంది. దాని పేరు లాండ్స్‌మోట్. మొదటిసారి 1950లో థింగ్‌వెల్లిర్‌లో జరిగింది. వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ను ఐస్‌లాండ్‌లో పెట్టలేరు. బయటి దేశాల గుర్రాలను అక్కడికి రానివ్వరు కాబట్టి.

ఏ పరీక్షలో ఏం చూపించాలి?

పోటీ ఎక్కువగా 250 మీటర్ల గుడ్డు ఆకారపు ట్రాక్ మీద జరుగుతుంది. ముఖ్యమైన పరీక్షలు ఇవీ:

టీ1: ఇది టోల్ట్ పరీక్ష. అన్నిటికన్నా ఎక్కువ మంది చూసేది ఇదే. ముందు నెమ్మది టోల్ట్‌లో ఒక రౌండ్. తర్వాత నడకలోకి వచ్చి, దిశ మార్చుకోవాలి. రెండో భాగంలో ట్రాక్ పొడవు వైపుల్లో వేగం స్పష్టంగా పెంచాలి, మలుపుల్లో మళ్లీ స్పష్టంగా తగ్గించాలి. చివరగా ఫాస్ట్ టోల్ట్‌లో ఒక రౌండ్. ఈ పరీక్షలో ప్రపంచ విజేతకు టోల్ట్ హార్న్ అనే కొమ్ము ట్రోఫీ ఇస్తారు.

టీ2: ఇదీ టోల్టే, కానీ ఇక్కడ నమ్మకానికి పరీక్ష. ఒక భాగంలో రౌతు పగ్గాలు ఒకే చేతిలో పట్టుకుని వదులుగా వదిలేయాలి. నోటితో పట్టు లేకపోయినా గుర్రం అదే తాళంలో, అదే వేగంలో వెళ్లాలి. ఈ భాగం మార్కులు రెట్టింపుగా లెక్కేస్తారు.

వీ1: నాలుగు నడకల పరీక్ష. నెమ్మది టోల్ట్, ట్రాట్, నడక, క్యాంటర్, ఫాస్ట్ టోల్ట్ అని ఐదు భాగాలు. అన్నిటికీ సమాన విలువ.

ఎఫ్1: ఐదు నడకల పరీక్ష. టోల్ట్, ట్రాట్, నడక, క్యాంటర్, పేస్. ఇందులో టోల్ట్‌కు, పేస్‌కు రెట్టింపు విలువ.

పేస్ రేసులు: ఇక్కడ గడియారమే జడ్జి. ఒకటి 250 మీటర్లు, స్టార్టింగ్ బాక్సుల్లోంచి మొదలవుతుంది. ఇంకోటి 100 మీటర్లు, ముందే వేగం అందుకుని గీత దాటాలి. పేస్ తప్పి దౌడులోకి జారితే ఆ పరుగు లెక్కలోకి రాదు. ఎంత వేగంగా వచ్చినా టైమ్ ఇవ్వరు. మలక్‌పేటలో గెలిపించే దౌడే ఇక్కడ ఓడిస్తుందన్నమాట.

మార్కుల లెక్క ఇలా

పెద్ద పోటీల్లో ఐదుగురు జడ్జిలు ట్రాక్ చుట్టూ వేర్వేరు చోట్ల కూర్చుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. ఫైనల్స్‌లో ఒక్కో భాగం అవ్వగానే జడ్జిలు మార్కులు ఎత్తి చూపిస్తారు. అక్కడే జనం కేకలు, ఈలలు.

ఐదు మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువది, అన్నిటికన్నా తక్కువది తీసేస్తారు. మిగిలిన మూడింటి సగటే ఆ భాగానికి మార్కు. ఉదాహరణకు ఒక గుర్రం టోల్ట్‌కు జడ్జిలు 6.5, 7.0, 7.5, 7.5, 8.0 వేశారనుకుందాం. 6.5, 8.0 పోతాయి. మిగిలిన మూడూ కలిపితే 22. మూడుతో భాగిస్తే 7.33. ఒక జడ్జి సొంత దేశం రౌతుకు కాస్త ఎక్కువ వేసినా, ఇంకొకరు చేయి బిగించినా ఫలితం తారుమారు కాకుండా ఈ ఏర్పాటు.

ఇప్పుడు ఎఫ్1 ఫైనల్ లెక్క చూద్దాం. ఒక గుర్రానికి టోల్ట్ 7.0, ట్రాట్ 6.5, నడక 7.0, క్యాంటర్ 6.5, పేస్ 8.0 వచ్చాయనుకోండి. టోల్ట్, పేస్ రెట్టింపు కాబట్టి మొత్తం 50. ఏడుతో భాగిస్తే 7.14. అదే గుర్రం పేస్‌లో తడబడి 3.0 మాత్రమే తెచ్చుకుంటే మొత్తం 40కి పడిపోతుంది. సగటు 5.71. మిగతా నాలుగు నడకల్లో ఒక్క మార్కు కూడా తగ్గలేదు, అయినా పతకం చేజారినట్టే. ఐదు నడకల ఫైనల్లో చివరి పేస్ వరకు ఎవరు గెలుస్తారో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

జడ్జిలు ఏం చూస్తారు?

మొదట చూసేది తాళం. టోల్ట్‌లో నాలుగు దెబ్బలూ సమానమైన విరామంతో వినిపించాలి. రెండేసి దెబ్బలు జతగా కలిసిపోతుంటే గుర్రం పేస్ వైపు గానీ ట్రాట్ వైపు గానీ జారుతోందని అర్థం. మార్కులు కోత పడతాయి. తర్వాత గుర్రం ఒళ్లు బిగబట్టిందా, సులువుగా కదులుతోందా అన్నది. రౌతు చేతులు, కూర్చునే తీరు. అడుగు ఎంత ఎత్తుకు లేస్తోంది, ఎంత ముందుకు పడుతోంది. వీటన్నిటి తర్వాతే వేగం. తాళం తప్పిన వేగానికి పెద్దగా విలువ లేదు.

ఫైనల్‌కు ఎలా చేరతారు?

ప్రిలిమినరీ రౌండ్‌లో మార్కుల ప్రకారం పై వరసలో ఉన్నవాళ్లు నేరుగా ఏ ఫైనల్‌కు వెళ్తారు. తర్వాతి వరసవాళ్లు బీ ఫైనల్ ఆడతారు. బీ ఫైనల్లో మొదటి స్థానం వచ్చినవాళ్లకు ఏ ఫైనల్లోనూ చోటు దక్కుతుంది. అంటే వెనకబడ్డవాళ్లకు కూడా గోల్డ్‌కు దారి మూసుకుపోలేదు.

ఇవి కాక కాంబినేషన్ టైటిల్స్ ఉన్నాయి. ఒకే గుర్రం, ఒకే రౌతు వేర్వేరు పరీక్షల్లో తెచ్చుకున్న మార్కులన్నీ కలుపుతారు. నాలుగు నడకల టైటిల్‌కు వీ1తో పాటు ఒక టోల్ట్ పరీక్ష. ఐదు నడకల టైటిల్‌కు ఎఫ్1, ఒక టోల్ట్ పరీక్ష, ఒక పేస్ పరీక్ష. ఒక్క విద్యలో ఆరితేరితే చాలదు, అన్నీ రావాలి.

గుర్రానికి హాని చేస్తే?

అడుగు ఎత్తుగా పడితే మార్కులు పెరుగుతాయి. అందుకని గిట్టలకు బరువులు కట్టే ఆశ ఉంటుంది. దాన్ని ఆపడానికే కొలతలు పెట్టారు. లాడం మందం 10 మిల్లీమీటర్లు మించకూడదు. కాలికి తొడిగే బూటు బరువు 250 గ్రాములు దాటకూడదు. స్వారీ అయ్యాక అధికారులు సామాను చెక్ చేస్తారు, గుర్రం నోరు, కాళ్లు చూస్తారు. దురుసుగా స్వారీ చేస్తే ఎల్లో కార్డ్ చూపిస్తారు.

కళ్లెం విషయంలో పెద్ద మార్పే వచ్చింది. నాలుక దగ్గర వంపు ఉండి, మీట లాగా నొక్కే ఒక రకం కళ్లెం వాడిన గుర్రాలకు దవడ ఎముక మీద గాయాలు ఎక్కువగా ఉన్నట్టు 2012లో ఐస్‌లాండ్ పోటీల్లో జరిపిన పరీక్షల్లో బయటపడింది. ఆ తర్వాత ఆ కళ్లెం పోటీల్లో నిషిద్ధం అయింది.

వెళ్లిన గుర్రం ఎందుకు తిరిగి రాదు?

ఐస్‌లాండ్‌లోకి గుర్రాల దిగుమతిపై నిషేధం ఉంది. క్రీస్తు శకం 982లోనే అక్కడి సభ ఆల్థింగ్ ఈ నిబంధన పెట్టిందని చెబుతారు. వందల ఏళ్లుగా బయటి గుర్రాలతో కలవకపోవడంతో మిగతా దేశాల్లో మామూలైన చాలా గుర్రపు జబ్బులు అక్కడ లేవు. అదే బలహీనత కూడా. ఆ జబ్బులను తట్టుకునే శక్తి వాటి ఒంట్లో లేదు.

2010లో ఇది కళ్లారా కనిపించింది. దగ్గుతో మొదలైన శ్వాసకోశ వ్యాధి దేశమంతా పాకింది. గుర్రాల ఎగుమతి ఆగిపోయింది. ఆ ఏడాది జరగాల్సిన లాండ్స్‌మోట్‌ను 2011కు వాయిదా వేశారు. అందుకే రూల్ ఇంత కఠినం. బయటి దేశాల్లో వాడిన జీను, పగ్గాల లాంటి సామాన్లను కూడా లోపలికి తీసుకురానివ్వరు.

దీంతో ఐస్‌లాండ్ రౌతు ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న. ఏళ్ల తరబడి పెంచి, నేర్పించిన మేటి గుర్రాన్ని వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కు తీసుకెళ్లాలా? తీసుకెళ్తే పతకం రావచ్చు, కానీ గుర్రం రాదు. దాన్ని యూరప్‌లోనే అమ్మాలి, లేదా అక్కడే ఉంచాలి. ఉంచుకుంటే ఇంటి దగ్గర లాండ్స్‌మోట్‌లో ఆడొచ్చు, కానీ ప్రపంచ టైటిల్ ఆశ వదులుకోవాలి. ప్రపంచ ఛాంపియన్‌కు తర్వాతి పోటీలో టైటిల్ కాపాడుకునే అవకాశం ఇస్తారు. అయితే ఐస్‌లాండ్ నుంచి వచ్చే ఛాంపియన్‌కు అందుకు మళ్లీ కొత్త గుర్రం కావాలి. జర్మనీ, డెన్మార్క్, స్వీడన్ రౌతులకు ఈ చిక్కు లేదు. వాళ్ల గుర్రాలు పోటీ అయ్యాక ట్రక్కెక్కి ఇంటికి వెళ్లిపోతాయి.

వీడియో చూసేటప్పుడు ఇవి గమనించండి

సౌండ్ పెట్టుకుని చూడండి. టోల్ట్ సరిగ్గా ఉంటే నాలుగు దెబ్బలు సమానంగా వినిపిస్తాయి. రౌతు తల, భుజాలు చూడండి. పైకీ కిందకీ ఊగకుండా నిటారుగా సాగిపోతుంటే అది మంచి టోల్ట్. టీ2లో పగ్గాలు వేలాడుతున్నాయా లేదా చూడండి. పేస్‌లో ఒక పక్క కాళ్లు రెండూ జతగా కదులుతున్నాయా అన్నది స్లో మోషన్‌లో తెలిసిపోతుంది. ఫైనల్ అయ్యాక ఐస్‌లాండ్ రౌతు గుర్రం మెడ పట్టుకుని ఎక్కువసేపు వదలకుండా నిలబడితే, అది గెలిచిన సంతోషం ఒక్కటే కాకపోవచ్చు.