రాత్రి ఒంటిగంట రేడియో: హిప్ హాప్‌ను వినిపించిన కాలేజీ కుర్రాళ్ళు

1982 ప్రాంతంలో అమెరికాలో, న్యూయార్క్ నగరం పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో, అడెల్ఫీ యూనివర్సిటీ విద్యార్థులు నడిపే రేడియోకి ఒక వింత చిక్కు వచ్చింది. శనివారం రాత్రుళ్ళు ర్యాప్ పాటల కార్యక్రమం మొదలుపెట్టారు. మైకు ఉంది, సమయం ఉంది, వినేవాళ్ళు ఉన్నారు. వేయడానికి సరిపడా రికార్డులే లేవు! అప్పటికి బజారులోకి వచ్చిన ర్యాప్ రికార్డులు అంత తక్కువ. ఆ చిక్కులోంచి బయటపడటానికి వాళ్ళు చేసిన పని హిప్ హాప్ చరిత్రలో పెద్ద సంగతే అయింది. అదేమిటో చెప్పేముందు, ఈ పత్రికను అమ్మానాన్నలు కూడా చదువుతారు కాబట్టి, హిప్ హాప్ అంటే ఏమిటో నాలుగు మాటలు.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలి, టికెట్టు పెట్టి ఆ డబ్బు సంపాదించుకుందామని ఆమె ఆలోచన. అక్కడ పాటలు వేసినవాడు ఆమె అన్న క్లైవ్. అందరూ డీజే కూల్ హెర్క్ అంటారు. పాటలో మాటలు ఆగి దరువు ఒక్కటే మిగిలే చోట జనం ఎక్కువగా గంతులేస్తారని అతను కనిపెట్టాడు. ఆ కాస్త ముక్కనే రెండు రికార్డుల మీద మార్చి మార్చి వేసి సాగదీసేవాడు. ఆ దరువు మీద మైకు పట్టుకుని ప్రాస కట్టి మాట్లాడటమే ర్యాప్. మన తాతయ్యలకు చెప్పాలంటే బుర్రకథ పోలిక బాగా కుదురుతుంది. ముందు కథకుడు, పక్కన ‘తందాన తాన’ అందుకునే వంతలు, వాళ్ళలో ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, పోలిక మాత్రమే.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వారి ‘ర్యాపర్స్ డిలైట్’ రికార్డు బాగా అమ్ముడుపోయింది. అయినా పెద్ద రేడియో స్టేషన్లు ర్యాప్‌ను దగ్గరికి రానివ్వలేదు. ఇది నాలుగు రోజుల మోజు, పోతుందిలే అనుకున్నాయి. ‘మా స్టేషన్‌లో ర్యాప్ ఉండదు’ అని గొప్పగా ప్రకటించుకున్న స్టేషన్లు కూడా ఉన్నాయి. ప్రకటనలు ఇచ్చే కంపెనీలకు నల్లజాతి కుర్రాళ్ళ పాటలంటే భయం, స్టేషన్లకు ప్రకటనలు పోతాయని భయం.

కాలేజీ రేడియోకి ఆ భయం లేదు. అమెరికాలో ఎఫ్.ఎం. మీద 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చోటును విద్యాసంస్థలకూ లాభాపేక్ష లేని సంస్థలకూ కేటాయించారు. 1948 నుంచి కేవలం 10 వాట్ల శక్తితో పనిచేసే చిన్న స్టేషన్లకు కూడా అనుమతి ఇచ్చారు. 10 వాట్లంటే ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బు ఖర్చు చేసేంత! కాలేజీ ఆవరణ, చుట్టుపక్కల నాలుగు వీధులు, అంతే. ఇక్కడ ప్రకటనలు లేవు కాబట్టి ‘ఈ పాట ఎందుకు వేశావు’ అని అడిగే వ్యాపారి లేడు. మన చెన్నైలో అన్నా యూనివర్సిటీ 2004లో 90.4 ఎఫ్.ఎం. మీద మొదలుపెట్టిన అన్నా ఎఫ్.ఎం. మన దేశంలో మొదటి క్యాంపస్ రేడియో. అమెరికా పిల్లలు ఈ పని మనకంటే ఎన్ని దశాబ్దాలు ముందు మొదలుపెట్టారో చూడండి.

ఇక అడెల్ఫీ సంగతి. అక్కడి స్టేషన్ పేరు డబ్ల్యు.బి.ఎ.యు. కార్యక్రమాల బాధ్యత చూసే విద్యార్థి బిల్ స్టెఫ్నీ. అదే యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నవాడు కార్ల్‌టన్ రైడెన్‌హవర్. ఊళ్ళో పార్టీలకు సౌండ్ సిస్టం నడిపే హాంక్ షాక్లీకి ఇతని గొంతు నచ్చి మైకు అప్పగించాడు. అప్పటినుంచి అతను చక్ డి. స్టెఫ్నీ వీళ్ళిద్దరినీ రేడియోకి పిలిచాడు. రికార్డులు చాలని చిక్కు వచ్చింది అప్పుడే.

వాళ్ళు ఏం చేశారంటే, చుట్టుపక్కల ఊళ్ళలో ర్యాప్ చెప్పే కుర్రాళ్ళను పిలిపించి తామే టేపుల మీద రికార్డు చేసి, వాటినే ప్రసారం చేశారు. అంటే అప్పటిదాకా నచ్చిన పాటను నలుగురికీ వినిపించేవాళ్ళు కాస్తా పాటను తయారు చేసేవాళ్ళయ్యారు. కార్యక్రమం గురించి ఊదరగొట్టడానికి చక్ డి కూడా ఒక టేపు చేశాడు. దాని పేరు ‘పబ్లిక్ ఎనిమీ నంబర్ 1’. ఆ టేపు రిక్ రూబిన్ చెవిన పడింది. ఈ రూబిన్ 1984లో న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్ గదిలోంచే డెఫ్ జామ్ అనే రికార్డు కంపెనీ నడిపినవాడు. హాస్టల్ గదిలో కంపెనీ! మన హాస్టల్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టుకుంటేనే వార్డెన్ ఊరుకోరు.

అలా పుట్టిందే పబ్లిక్ ఎనిమీ బృందం. మొదటి ఆల్బమ్ 1987లో, రెండోది 1988లో, మూడోది ‘ఫియర్ ఆఫ్ ఎ బ్లాక్ ప్లానెట్’ 1990లో వచ్చాయి. నేను పైన చెప్పిన బుర్రకథ పోలిక ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. చక్ డి కథకుడు. మెడలో గోడగడియారం వేలాడేసుకుని పక్కన ఎగిరే ఫ్లేవర్ ఫ్లేవ్ హాస్యపు వంత. అతను కూడా డబ్ల్యు.బి.ఎ.యు.లో కార్యక్రమం నడిపినవాడే. ఆ మూడో ఆల్బమ్‌ను తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశం శాశ్వతంగా భద్రపరచవలసిన రికార్డుల్లో ఒకటిగా ఎంపిక చేసింది. డబ్ల్యు.బి.ఎ.యు. మాత్రం 1995లో మూతపడింది.

రేడియోలో ఆల్బమ్‌ను పరిచయం చేయడం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. పెద్ద స్టేషన్లు ఒక ఆల్బమ్‌లో ఒకటో రెండో పాటలు తీసుకుని రోజంతా తిప్పుతాయి. మిగిలిన పదీ ఎవరికీ తెలియవు. కాలేజీ హోస్టు చేతిలో రెండు మూడు గంటలు ఉంటాయి, కాబట్టి అట్టడుగున ఉన్న పాటను కూడా పైకి తీయగలడు. రికార్డు కంపెనీలు ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర వేసిన ఉచిత ప్రతులు స్టేషన్లకు పంపేవి. విద్యార్థులు ముందుగా విని, అట్ట మీద కాగితం అంటించి, ఏ పాట బాగుంది, ఏ పాటలో తిట్లు ఉన్నాయి అని చేత్తో రాసి పెట్టేవాళ్ళు. తర్వాత వచ్చే హోస్టు అది చదువుకుని పాట ఎంచుకుంటాడు. తిట్ల సంగతి ఎందుకంటే, అసభ్యమైన మాటల మీద అక్కడి రేడియోకి నిబంధనలు ఉన్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా కొంత సడలింపు. ర్యాప్ కార్యక్రమాలు అర్ధరాత్రి చేరడానికి ఇదొక కారణం. రెండో కారణం, పగటి సమయం వాటికి ఎవరూ ఇవ్వకపోవడం.

1988లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఇంకో కథ నడిచింది. అక్కడి విద్యార్థి రేడియో డబ్ల్యు.హెచ్.ఆర్.బి.లో డేవిడ్ మేస్ ‘స్ట్రీట్ బీట్’ అనే ర్యాప్ కార్యక్రమం నడిపేవాడు. మేస్, అతని స్నేహితుడు జాన్ షెక్టర్ కలిసి కొత్త రికార్డుల గురించి ఒకే ఒక్క కాగితం మీద అచ్చువేసి శ్రోతలకు పంచారు. దాని పేరు ‘ది సోర్స్’. ఆ ఒక్క కాగితం పెరిగి పెరిగి అమెరికా మొత్తంలో హిప్ హాప్‌కు అందరూ నమ్మే పత్రిక అయింది. ఆల్బమ్‌లకు నక్షత్రాల బదులు మైకుల గుర్తుతో మార్కులు వేసేవాళ్ళు. ఎక్కువలో ఎక్కువ అయిదు మైకులు. 1994లో నాస్ అనే 20 ఏళ్ళ కుర్రాడి మొదటి ఆల్బమ్ ‘ఇల్మాటిక్’కు అయిదుకు అయిదు ఇచ్చారు. 40 నిమిషాలు కూడా లేని ఆల్బమ్ అది. ఇంకా పేరు లేనివాళ్ళ టేపులను పరిచయం చేసే శీర్షిక కూడా ఉండేది. 1992లో అందులో కనిపించిన ఒకడు రెండేళ్ళ తర్వాత నటోరియస్ బి.ఐ.జి. పేరుతో దేశమంతా తెలిసిపోయాడు.

అదే 1994లో ఆ పత్రికకు పెద్ద దెబ్బ తగిలింది. మేస్ తనకు దగ్గరైన ఒక బోస్టన్ బృందం గురించిన వ్యాసాన్ని సంపాదకులకు చెప్పకుండా పత్రికలో వేశాడని షెక్టర్‌తో సహా పలువురు బయటికి వెళ్ళిపోయారు. నాకు ఈ ఘటన చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. పత్రిక ఆ తర్వాత కూడా బాగానే అమ్ముడైంది. కానీ ‘ఈ ఆల్బమ్ వినండి’ అని ఒకరు చెప్పినప్పుడు మనం ఎందుకు వింటాం? చెప్పినవాడికి అందులో సొంత లాభం లేదన్న నమ్మకంతోనే కదా. స్నేహితుడి పాటను మెచ్చుకోవడం తప్పు కాదు. స్నేహితుడని దాచి మెచ్చుకుంటేనే చిక్కు.

ఆ నమ్మకాన్ని బాగా నిలబెట్టుకున్నది, నా లెక్కలో, కొలంబియా యూనివర్సిటీ రేడియో డబ్ల్యు.కె.సి.ఆర్. 1941 నుంచి ఉన్న ఈ స్టేషన్‌కు జాజ్ సంగీతంతో గొప్ప పేరు. 1990 అక్టోబరులో అక్కడ ఏడ్రియన్ బార్టోస్, రాబర్ట్ గార్సియా అనే ఇద్దరు ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. రేడియోలో వాళ్ళ పేర్లు స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబిటో. సమయం గురువారం రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారి అయిదు దాకా, అంటే లెక్కకు శుక్రవారం. జీతం సున్న. ఒకరు రికార్డులు తిప్పుతారు, ఒకరు మాట్లాడతారు, మధ్యలో ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు.

ఎనిమిదేళ్ళు అలా నడిచింది. వాళ్ళ చిన్న గదికి వచ్చి మైకు పట్టుకున్నవాళ్ళ పేర్లు చెబితే హిప్ హాప్ వినే అన్నయ్యలు నోరు తెరుస్తారు: నాస్, బిగ్గీ, వూ-టాంగ్ క్లాన్, ఫ్యూజీస్, ఎమినెమ్, జే-జీ. వచ్చేటప్పటికి వీళ్ళలో చాలామందికి ఆల్బమ్ కాదుకదా, ఏ కంపెనీతోనూ ఒప్పందం కూడా లేదు. జాగారం చేసి విన్న శ్రోతలు క్యాసెట్ల మీద ఎక్కించుకుని మర్నాడు బడిలో మార్చుకునేవాళ్ళు. 1998లో ‘ది సోర్స్’ పత్రికే ఈ కార్యక్రమాన్ని హిప్ హాప్ రేడియో చరిత్రలోకెల్లా ఉత్తమమైనదని ప్రకటించింది. కార్యక్రమం ఆగిపోయింది కూడా ఆ ఏడాదే.

బాబిటో చేసిన ఇంకో పని ఎక్కువమందికి తెలియదు. కె.ఎం.డి. అని ఒక బృందం ఉండేది, అన్నదమ్ములు ముఖ్యులు. 1993లో తమ్ముడు కారు గుద్ది చనిపోయాడు. 1994లో వాళ్ళ రెండో ఆల్బమ్ అట్ట మీది బొమ్మ వివాదమై పెద్ద కంపెనీ ఆ ఆల్బమ్‌ను విడుదల చేయకుండానే బృందాన్ని వదిలించుకుంది. అన్న డానియల్ డుమిలే కొన్నేళ్ళు ఎవరికీ కనబడలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ముఖం దాచుకుని, ఎం.ఎఫ్. డూమ్ అనే కొత్త పేరుతో వచ్చాడు. అతని పాటలను అచ్చు వేసింది బాబిటో సొంతంగా పెట్టుకున్న ఫాండిల్ ఎమ్ అనే బుల్లి కంపెనీ. 1999లో ‘ఆపరేషన్: డూమ్స్‌డే’ ఆల్బమ్ కూడా అందులోనే వచ్చింది. రేడియోలో స్నేహితుడి పాట వేయడంతో ఆగకుండా తన డబ్బు పెట్టి రికార్డు కూడా తెచ్చాడు. స్నేహితుడని దాచలేదు కూడా.

1995 ఫిబ్రవరిలో ఒక రాత్రి కొలంబియా స్టూడియోకి ఇద్దరు వచ్చారు. ఒకడు యూనివర్సిటీ పక్కనే ఉన్న హార్లెమ్ కుర్రాడు బిగ్ ఎల్, వయసు 20. రెండోవాడు బ్రూక్లిన్ నుంచి వచ్చిన జే-జీ. జే-జీ మొదటి ఆల్బమ్ రావడానికి ఇంకా ఏడాది పైన ఉంది. ఇద్దరూ ఒకే దరువు మీద ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ ర్యాప్ చెప్పారు. 1999 ఫిబ్రవరిలో బిగ్ ఎల్‌ను తన పేటలోనే ఎవరో కాల్చి చంపారు. అప్పటికి బతికుండగా అతనిది వచ్చిన సొంత ఆల్బమ్ ఒక్కటే. ఆ రాత్రి ప్రసారం మాత్రం క్యాసెట్ల మీద చేతులు మారుతూ మిగిలింది, ఇప్పటికీ వినవచ్చు.