కరోల్ తుఫాను (1960): ఒకే గాలి, రెండు జ్ఞాపకాలు

మారిషస్ ద్వీపాన్ని 1960 ఫిబ్రవరి 28వ తేదీ ఆదివారం నాడు కమ్ముకున్న తుఫాను పేరు కరోల్. గాలి విసురు గంటకు 256 కిలోమీటర్ల వరకు నమోదైంది. దీవిలో 42 మంది మరణించారు. చెరకు తోటల కాంపులలో బతికిన మన పెద్దలు ఈ తుఫానుతోనే కాలాన్ని లెక్కించేవారు. "మీ నాన్న కరోల్ నాటికి నడుస్తున్నాడు", "ఈ మామిడిచెట్టు కరోల్ తరువాత నాటినది" అన్న మాటలు చాలా ఇళ్లలో వినబడేవి. పుట్టిన తేదీ కాగితం మీద లేనివారికి ఆ లెక్కే ఆధారం.

మా కుటుంబంలో ఆ రోజును గురించి రెండు కథనాలు ఉన్నాయి. దీవి దక్షిణ భాగంలో ఒక తోట కాంపులో మా తాతగారి పాక ఉండేది. పాకకు ఆగ్నేయంగా చక్కెర మిల్లు, వాయవ్యంగా కొండ. గాలి మిల్లు వైపు నుంచి వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. కాదు, కొండ వైపు నుంచి వచ్చిందని మా పెద్ద మేనత్త చెప్పేది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఈ విషయంలో చివరిదాకా రాజీపడలేదు. ఇద్దరిలో ఒకరు మరచిపోయి ఉంటారని పిల్లలమైన మేము అనుకునేవాళ్లం. ఎవరూ మరచిపోలేదని తుఫాను తిరిగే తీరు తెలుసుకున్న తరువాత నాకు అర్థమైంది. అందువల్ల ఈ వ్యాసంలో కరోల్ చరిత్రతో పాటు దాని గాలి దిశను కూడా కొంత వివరంగా చెప్పవలసి వస్తున్నది.

కోరింగ నుంచి తెచ్చుకున్న మాటలు

గాలీ వానా కలిసి విరుచుకుపడితే దానిని తెలుగులో "గాలివాన" అంటారు. సముద్రంలో పుట్టి తీరం మీదికి వచ్చే పెద్ద గాలివాన "తుఫాను". ఆ గాలి తోసుకొని వచ్చే సముద్రపు నీరు గట్టు దాటి ఊళ్ల మీద పడితే అది "ఉప్పెన". తిరిగే నీటికైనా, తిరిగే గాలికైనా "సుడి" అనే పేరు చెల్లుతుంది.

మన పూర్వీకులలో చాలామందికి ఈ మాటలు అనుభవంతో తెలిసినవి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరింగ ఒకప్పుడు పేరుపడ్డ ఓడరేవు. ఓడలెక్కి పరాయి దేశాలకు వెళ్లిన తెలుగువారికి "కోరంగివారు" అనే పేరు వచ్చింది ఆ రేవు వల్లనే. 1789 డిసెంబరులో కోరింగ మీదికి మూడు కెరటాలుగా ఉప్పెన వచ్చింది. 1839 నవంబరులో మరొకటి వచ్చింది. అటు తరువాత ఆ రేవు పాత వైభవాన్ని మళ్లీ చూడలేదు. ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. మన క్రియోల్‌లోని "సిక్లోన్‌"కు మూలమైన ఇంగ్లీషు "సైక్లోన్" అనే మాటను 1840లలో కల్పించినవాడు కలకత్తాలో ఉండిన హెన్రీ పిడ్డింగ్టన్. 1789 నాటి కోరింగ ఉప్పెన ఆయన పరిశీలించిన తుఫానులలో ఒకటి. పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టాడు. పామైనా సుడైనా భావం ఒకటే.

మారిషస్‌కు వచ్చిన తరువాత "ఉప్పెన" అనే మాట మన ఇళ్లలో క్రమంగా వినబడకుండా పోయింది. ఇది మరపు వల్ల మాత్రమే జరిగిందని నేను అనుకోను. గోదావరి, కృష్ణా డెల్టాలు చదునైన నేలలు. అక్కడ తీరపు సముద్రం లోతు తక్కువ. గాలి తోసిన నీరు మైళ్ల దూరం లోపలికి పాకుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలు తీసినది ఆ నీరే. మారిషస్ అగ్నిపర్వతం వల్ల ఏర్పడిన దీవి. చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. వాటిని దాటగానే సముద్రం చాలా లోతు. కనుక ఇక్కడ తుఫాను ప్రధానంగా గాలితో చంపుతుంది, కూలే గోడతో, ఎగిరే రేకుతో చంపుతుంది. ఉప్పెన భయం తగ్గిన చోట ఆ మాట అవసరమూ తగ్గింది.

ఆ ఏడాది రెండు తుఫానులు

నైరుతి హిందూ మహాసముద్రంలో తుఫానులకు పేర్లు పెట్టే పద్ధతి మొదలైనది ఆ ఋతువులోనే. అక్షరక్రమంలో మొదటి పేరు అలిక్స్. 1960 జనవరి మూడవ వారంలో అలిక్స్ వచ్చి పాకలను కుదిపి, చెరకును పడగొట్టి వెళ్లింది. కప్పులను ఇంకా సరిచేసుకుంటూ ఉండగానే, ఆరు వారాలు తిరగకముందే కరోల్ వచ్చింది. ఒక తుఫాను వదులుచేసిన కప్పును ఎగరగొట్టడానికి రెండవ తుఫానుకు ఎంతో శ్రమ అక్కరలేదు.

నాటి తోట కాంపులలో ఎక్కువ ఇళ్లు పాకలే. కర్ర స్తంభాలు, మట్టి పూత, పైన ఎండిన ఆకు. క్రియోల్‌లో వీటిని "లకాజ్ లాపాయ్" అనేవారు. కొంచెం కలిగినవారికి రేకుల ఇళ్లు ఉండేవి. తుఫాను వస్తున్నదని తెలియగానే మగవారు కప్పు మీదుగా తాళ్లు వేసి బిగించేవారు, రేకుల మీద రాళ్లు పెట్టేవారు. ఆడవారు బియ్యం, పప్పు, అగ్గిపెట్టె మూటగట్టి తలుపుకు దూరంగా పెట్టేవారు. మా నాయనమ్మ కొన్ని అప్పాలు కాల్చి ఉంచిందట. గాలి మొదలైతే పొయ్యి వెలిగించలేమని ఆమెకు అలిక్స్ నేర్పింది.

తుఫాను కన్ను

దక్షిణార్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతంలో దానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. కనుక కోరింగలో తాతలు నేర్చిన గాలి గుర్తులు ఇక్కడ తలకిందులయ్యాయి. అక్కడ తుఫాను తీరం మీదికి వస్తున్నప్పుడు సాధారణంగా ఉత్తరపు వైపు గాలి ముందు వీస్తుంది. మారిషస్‌కు తుఫానులు ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తాయి; అప్పుడు దీవిలో మొదట వీచేది ఆగ్నేయపు గాలి.

తుఫాను మధ్యభాగాన్ని "కన్ను" అంటారు. అది నేరుగా మన మీదుగా దాటితే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. వాన తగ్గుతుంది, కొన్నిసార్లు ఆకాశం కూడా కనబడుతుంది. తరువాత సుడికి అవతలి అంచు వస్తుంది. అప్పుడు గాలి ఎదురు దిశ నుంచి, అంటే వాయవ్యం నుంచి, హఠాత్తుగా కొడుతుంది. మొదటి గాలికి ఒక వైపు ఒరిగిన గోడను రెండవ గాలి ఇంకొక వైపు లాగుతుంది.

కరోల్ కన్ను చాలా పెద్దది. దీవి దాదాపు అంతా అందులో ఇమిడిపోయింది. ఆ నిశ్శబ్దం కొన్ని గంటలపాటు నిలిచింది. అన్ని గంటల నిశ్శబ్దాన్ని చూసినవాడు తుఫాను అయిపోయిందని నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

మా వాళ్లలో నమ్మినవాడు మా చిన్నతాత. మొదటి గాలికి పాక కప్పు లేచిపోయింది. ఆ సమయంలో నాయనమ్మ మధ్య స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకొని ఉన్నది. ఆమె చూసిన గాలి మిల్లు వైపు నుంచి వచ్చినదే. పిల్లలు మంచం కింద, దుప్పటిలో ఉన్నారు. ఏడేళ్ల మేనత్తకు అప్పుడు ఏమీ కనబడలేదు. గాలి ఆగగానే తాత అందరినీ తోట వారి రాతి గిడ్డంగిలోకి చేర్చాడు. చిన్నతాత మాత్రం ఆవును విప్పి తెస్తానని వెనక్కు వెళ్లాడు.

"పోవద్దు తమ్ముడూ, ఇది సగమే" అని తాత అన్నాడట.

"ఆకాశం చూడన్నయ్యా" అని చిన్నతాత అన్నాడట.

గిడ్డంగి తలుపు సందులో నుంచి మేనత్త బాబాయి కోసం చూస్తూ నిలబడ్డది. ఆమె చూడగా చూడగా గాలి కొండ దిగి వచ్చింది. మిగిలిన పాకలను మిల్లు వైపు తోసుకుంటూ పోయింది. చిన్నతాతను మరునాటి ఉదయం ఒక కూలిన గోడ పక్కన చూశారు. ప్రాణం ఉన్నది, కాలు విరిగింది. ఆ తరువాత ఆయన ఎన్నడూ సరిగా నడవలేదు. ఆవుకు ఏమీ కాలేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఇంట్లో అందరూ నవ్వేవారు, చిన్నతాత కూడా.

నాయనమ్మకు తన ఇంటిని తీసుకుపోయిన గాలి గుర్తున్నది. మేనత్తకు బాబాయిని పడగొట్టిన గాలి గుర్తున్నది. దిశలు వేరైనా తుఫాను ఒకటే.

కన్ను చేసే మోసం కరోల్‌తో మొదలైనది కాదు. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫాను దీవిలో సుమారు 1,200 మందిని బలిగొన్నది. ఆనాడు కూడా పోర్ట్ లూయీ నగరం ఎక్కువగా నాశనమైనది కన్ను దాటిన తరువాతనే. నేడు దేశంలో నాలుగు తరగతుల తుఫాను హెచ్చరికలు ఉన్నాయి. నాలుగవ తరగతి అమలులో ఉండగా మధ్యలో గాలి ఆగినా హెచ్చరిక తొలగినట్లు కాదు. బడి పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. మా చిన్నతాతకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన అన్న మాట ఆయన వినలేదు.

గాలి తరువాత

పదుల వేల మంది నిలువనీడ లేనివారయ్యారు. బడులు, గిడ్డంగులు, పూజామందిరాలు ఆశ్రయాలయ్యాయి. చెరకు సంగతి అంకెలలో చూడవచ్చు. 1959లో సుమారు 5,80,000 టన్నులుగా ఉన్న చక్కెర ఉత్పత్తి 1960లో సుమారు 2,36,000 టన్నులకు పడిపోయింది. కోత జూన్‌లో మొదలయ్యే దేశంలో, ఎదుగుతున్న చెరకు ఫిబ్రవరిలో విరిగిపోతే ఆ ఏడంతా కూలి తక్కువే. అయితే చెరకు గడ్డిజాతి మొక్క. దుబ్బు వేరు బతికి ఉంటే మళ్లీ మొలుస్తుంది. మరుసటి ఏడాదికే ఉత్పత్తి చాలావరకు కోలుకున్నది.

పాకలు మాత్రం తిరిగి మొలవలేదు. తుఫానుకు నిలిచే ఇళ్లు కట్టించే పని సెంట్రల్ హౌసింగ్ అథారిటీ చేపట్టింది. వరుస వరుసలుగా వెలసిన ఆ కొత్త కాలనీలను "సితే" అన్నారు. ఆ తరువాతి దశాబ్దాలలో కలిగినవారూ లేనివారూ సిమెంటు కప్పు కోసం డబ్బు కూడబెట్టారు. ఆ చదునైన కప్పుకు క్రియోల్‌లో పేరు "దాల్". మా నాయనమ్మ పప్పును తలచుకొని ఈ మాటకు ఎప్పుడూ నవ్వేది. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను గంటకు 280 కిలోమీటర్ల విసురుతో వచ్చింది. కరోల్ కన్నా బలమైన గాలి అయినా మృతుల సంఖ్య చాలా తక్కువ. ఈ తేడాలో సిమెంటు గోడకు గొప్ప పాలు ఉన్నది.

ఇందులో మనకు నష్టం లేకపోలేదు. కాంపులో మా పాకకు అటూ ఇటూ ఉన్నవి తెలుగు ఇళ్లే. సాయంత్రం రామభజనకు పిలవవలసిన పని లేదు, తాళం చప్పుడు వినబడితే చాలు. సితేలో ఇల్లు వచ్చిన వరుసను బట్టి ఇచ్చారు. పక్కింటివారితో మాట్లాడటానికి క్రియోల్ కావలసివచ్చింది. మా నాన్న తరానికి తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. దీనికి కారణాలు అనేకం. బడి, ఉద్యోగం, కాలం అన్నీ ఉన్నాయి. మా ఇంటి వరకు చూస్తే, ఇరుగుపొరుగు మారినది కరోల్ తరువాతనే.

పెద్దలను అడగదలచినవారికి

కరోల్‌ను చూసినవారి వయసు ఇప్పుడు డెబ్బై దాటింది. "తుఫాను ఎలా ఉంది?" అని అడిగితే "చాలా పెద్దది" అని ఊరుకుంటారు. దానికి బదులు ఈ ప్రశ్నలు వేసి చూడండి. "గాలి మొదట ఎటు నుంచి వచ్చింది? తరువాత ఎటు నుంచి?" "గాలి ఆగినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?" "ఎవరు బయటికి వెళ్లారు?" "ఆ రాత్రి ఏమి తిన్నారు?" "కప్పు మళ్లీ ఎవరు వేశారు?" తెలుగులో అడగండి. జవాబు క్రియోల్‌లో వచ్చినా రాసుకోండి. ఇద్దరు పెద్దలు వేర్వేరు దిశలు చెబితే ఎవరినీ సరిదిద్దవద్దు. ఆ ఇంటి చుట్టూ కొండ ఎక్కడ, మిల్లు ఎక్కడ, సముద్రం ఎక్కడ అని ఒక చిన్న పటం గీయించుకోండి. మా మేనత్త గీసిన పటంలో ఆవును కట్టిన చెట్టు కూడా ఉన్నది.