కృష్ణగిరి నేలలో తొలి రైతుల ఇళ్లు: మయిలాడుంపారై, పయ్యంపల్లి ఏం చెబుతున్నాయి?

హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల మన ఇళ్లలో రాగి సంగటి, ఉలవల చారు పాత అలవాటు. ఈ నేలలో ఉలవలు ఎప్పటి నుంచి పండుతున్నాయో చెప్పే ఆధారాలు మనకు దగ్గర్లోనే దొరికాయి. వాటి గురించి తెలిసిన సంగతులను ఒకచోట చేర్చి మన పాఠకులకు అందిస్తున్నాం.

పయ్యంపల్లి

ఈ ఊరు ఒకప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఇప్పుడు మన పొరుగున ఉన్న తిరుపత్తూరు జిల్లాలో ఉంది. కేంద్ర పురావస్తు శాఖ తరఫున ఎస్.ఆర్. రావు 1964-65లోనూ, 1967-68లోనూ ఇక్కడ తవ్వకాలు జరిపారు. అడుగు పొరలో కొత్త రాతియుగం నాటి ఇళ్ల జాడలు కనిపించాయి. నేలలో గుండ్రంగా, కోలగా గుంత తీసి, గుంజలు పాతి, పైన కప్పు వేసుకున్న ఇళ్లవి. వాటితో పాటు చేత్తో చేసిన బూడిద రంగు కుండలు, నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్లు, నూరుకునే రాళ్లు, మాడిపోయిన ఉలవలు, పెసలు దొరికాయి.

గింజలు మాడడం వల్లే మిగిలాయి. పచ్చి గింజ నేలలో కుళ్లిపోతుంది, పొయ్యిలో పడి బొగ్గైన గింజ వేల ఏళ్లు నిలుస్తుంది. గుంజ పుచ్చిపోయినా అది పాతిన చోట మట్టి రంగు మారి గుండ్రని మచ్చ మిగులుతుంది. ఆ మచ్చల వరుసను బట్టే ఇల్లు ఎంత ఉండేదో లెక్క కడతారు.

ఇంగ్లండులోని వెస్ట్ స్టో అనే చోట 1965 నుంచి 1972 వరకు జరిగిన తవ్వకాల్లోనూ ఇలాగే నేలలోకి దిగిన ఇళ్ల గుంతలు, గుంజల మచ్చలు బయటపడ్డాయి. అది సుమారు 1,500 ఏళ్ల నాటి ఆంగ్లో-సాక్సన్ రైతుల ఊరు. ఆ మచ్చల ఆధారంగా అక్కడే ఇళ్లను మళ్లీ కట్టి జనానికి చూపిస్తున్నారు. పయ్యంపల్లి గుంతలు వాటికంటే చాలా పాతవి.

మయిలాడుంపారై

కృష్ణగిరి జిల్లా బర్గూరు ప్రాంతంలోని తొగరపల్లి దగ్గర ఉన్న స్థలమిది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి చెందిన కె. రాజన్ 2003లో ఇక్కడ తవ్వారు. తరువాత 2021లో తమిళనాడు పురావస్తు శాఖ మళ్లీ తవ్వకాలు చేపట్టింది. ఒక సమాధిలో సుమారు 70 సెంటీమీటర్ల ఇనుప కత్తి దొరికింది.

జనం నివసించిన చోట 104, 130 సెంటీమీటర్ల లోతుల్లో తీసిన నమూనాలను కార్బన్ పరీక్షకు పంపగా క్రీ.పూ. 1615, క్రీ.పూ. 2172 అనే తేదీలు వచ్చాయి. అంటే 4,000 ఏళ్ల కిందటే ఇక్కడివారికి ఇనుము తెలుసు. ఈ ఫలితాన్ని 2022 మే నెలలో ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. 2025 జనవరిలో తూత్తుక్కుడి జిల్లా శివగళైకి ఇంకా పాత తేదీలు ప్రకటించారు.

సేద్యానికి ఇనుముతో ఏం సంబంధం? రాతి గొడ్డలితో చెట్టు కొట్టి చేను చేసుకోవడం చాలా కష్టం. ఇనుప గొడ్డలి, పార వచ్చాక అడవి కొట్టడం, గట్టి నేల తవ్వడం తేలికైంది. మన గుండ్ల నేలలో ఆ తేడా ఎంతో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

మల్లచంద్రం కొండ మీది రాతి పలకల గూళ్లు ఇనుప యుగపు సమాధి కట్టడాలు. తెలుగు నాట ఇలాంటివాటిని రాక్షస గుళ్లు అంటారు.

ఇవి ఎవరివి?

ఈ ప్రశ్న మన మధ్య తరచూ వస్తుంది. తమిళులవని కొందరు, మనవని కొందరు, కన్నడిగులవని ఇంకొందరు వాదిస్తారు. కుండకూ గొడ్డలికీ భాష ఉండదు. కడప జిల్లా కలమళ్లలో దొరికిన తొలి తెలుగు శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. మయిలాడుంపారై ఇనుముకూ దానికీ మధ్య 2,700 ఏళ్లకు పైగా ఎడం ఉంది. అప్పటివాళ్లు ఏ మాట మాట్లాడారో చెప్పే రాత ఒక్కటీ లేదు. వాళ్ల పైర్లు మాత్రం ఈ నేలను దున్నుకునే అందరికీ చేరాయి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు దక్షిణాది తొలి రైతుల పంటలే. రాగి పుట్టిల్లు మాత్రం తూర్పు ఆఫ్రికా.

మన చేలో దొరికితే?

ఇప్పుడు ఈ ఆనవాళ్లకు ముప్పు జేసీబీ నుంచి, రాతి క్వారీల నుంచి, ఇళ్ల ప్లాట్ల నుంచి వస్తోంది. రైతు భయం మరొకటి. పాత కుండ దొరికిందని చెబితే భూమి పోతుందేమోనని పూడ్చేసేవాళ్లు ఉంటారు. కాబట్టి చట్టం తెలుసుకోవడం మంచిది.

- కుండ పెంకు దొరికినంత మాత్రాన చేను రక్షిత స్థలం కాదు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రభుత్వం ముందుగా గెజిట్‌లో తన ఉద్దేశం ప్రకటించి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి.
- అలా రక్షిత స్థలమైతే మాత్రం దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడవు. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి.
- 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న పాత విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలి. తెలపకుండా దాచుకోవడం నేరం.

వస్తువును కడగకండి, తీసి ఇంటికి తేకండి. ఉన్నచోటే ఫోటో తీసి వీఏవోకు గానీ తహసీల్దారుకు గానీ చెప్పండి. ఏ లోతులో, ఏ బొగ్గు పక్కన ఉందో తెలిస్తేనే దాని వయసు తేలుతుంది. మయిలాడుంపారై తేదీలు తేలింది ఆ లోతుల లెక్క చెదరకుండా ఉండబట్టే.

ఈ చుట్టుపక్కల కొండ ఊళ్లలో చెట్టు కింద, గుడి ముందు పెట్టి పసుపు కుంకుమలతో కొలిచే నున్నటి రాళ్లలో కొన్ని రాతి గొడ్డళ్లే. వాటిని అక్కడి నుంచి కదిలించకుండా, ఎవరికీ అమ్మకుండా కాపాడుకుందాం. అవి ఏ పొలంలో దొరికాయో ఊరి పెద్దలకు గుర్తుంటే, ఆ మాట ఇప్పుడే రాసి పెట్టుకోవడం మంచిది.