తిరిగి వస్తానన్న హామీ

విదేశాల్లో చదివిన స్త్రీల గురించి రాసేటప్పుడు ఓడ ఎక్కిన తేదీ రాస్తాం, పట్టా పుచ్చుకున్న తేదీ రాస్తాం. అంతకుముందు ఉత్తరం కోసం, డబ్బు కోసం, అనుమతి కోసం ఎదురుచూసిన ఏళ్ళని ఒక్క వాక్యంలో దాటేస్తాం. ఒక ఫెలోషిప్ ఫలితం కోసం ఐదు నెలలుగా ఎదురుచూస్తున్నదాన్ని కాబట్టేమో, నా దృష్టి ఆ ఏళ్ళ మీదే పడింది. ఆ కాలంలో స్త్రీలని ఏం అడిగారు? వాళ్ళు దేనికి హామీ ఇవ్వాల్సి వచ్చింది?

ఆనందీబాయి జోషి సంగతే తీసుకుందాం. 1883 ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ ఎక్కేనాటికి ఆమెకి 18 ఏళ్ళు. పాస్‌పోర్టు, వీసా అక్కర్లేని రోజులవి. అయినా ఎదురుచూపు తప్పలేదు. భార్య చదువుకి సాయం కోరుతూ గోపాలరావు రాసిన ఉత్తరానికి ఒక అమెరికన్ మిషనరీ మతం మారమని సలహా ఇచ్చాడు. ఆ ఉత్తరాలు మిషనరీ పత్రికలో అచ్చయ్యాయి. న్యూజెర్సీలో థియోడీషియా కార్పెంటర్ అనే ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని వాటిని చదివి, 1880లో ఆనందీబాయికి రాసింది. అక్కడి నుంచి ప్రయాణానికి మూడేళ్ళు పట్టింది. ఈలోగా లోకం వేసిన ప్రశ్నలకి 1883 ఫిబ్రవరిలో సెరాంపూర్ కాలేజీ హాల్లో నిలబడి ఆమె జవాబు చెప్పుకుంది. అమెరికా ఎందుకు? ఒంటరిగా ఎందుకు? తిరిగొచ్చాక వెలి వేస్తే? హిందువుగా వెళ్ళి హిందువుగానే తిరిగొస్తానని మాటిచ్చింది. వైద్యం చదవడానికి వెళ్తున్న అమ్మాయి హామీ ఇవ్వాల్సి వచ్చింది చదువు గురించి కాదు, తన నడవడి గురించి. 1886లో ఫిలడెల్ఫియాలో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చింది. 1887 ఫిబ్రవరిలో క్షయతో చనిపోయింది.

కొర్నీలియా సొరాబ్జీది ఇంకో రకం నిరీక్షణ. పూనా దక్కన్ కాలేజీలో చదివి 1888లో పరీక్షలో అందరికంటే ముందు నిలిచింది. ఆ స్థానంలో నిలిచినవాళ్ళకి ఇంగ్లండు వెళ్ళి చదివే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు దక్కాలి. ఆడపిల్ల కాబట్టి ఇవ్వలేదు. ఇంగ్లండులోని కొందరు స్త్రీలు చందాలు పోగుచేస్తే 1889లో ఆక్స్‌ఫర్డ్ చేరింది. 1892లో న్యాయశాస్త్ర పరీక్ష రాసింది. పట్టా చేతికొచ్చింది 1922లో. పరీక్షకీ పట్టాకీ మధ్య 30 ఏళ్ళు!

మన హైదరాబాదులో సరోజిని 1895లో, పదహారేళ్ళ వయసులో, నిజాం స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్ళింది. ఆమె ప్రతిభని తక్కువ చెయ్యడం లేదు. కానీ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీ ప్రిన్సిపాల్. అంత దగ్గర్లో నిలబడగలిగిన ఇళ్ళు ఆనాడు ఎన్ని?

ఇప్పుడు కులం పెద్దల స్థానంలో వీసా అధికారి ఉన్నారు. అమెరికా 1952 వలస చట్టం ప్రకారం, విద్యార్థి వీసా అడిగేవాళ్ళు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని అధికారి మొదట అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. ఆస్తి, ఉద్యోగం, కుటుంబం లాంటివి చూపించాలి. చట్టం ఆడా మగా తేడా చెప్పదు. కానీ ఆ కాయితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళని మాత్రం వదిలేసింది. వాటా వచ్చినవాళ్ళలోనూ పసుపుకుంకుమల కింద తీసుకున్నాం కదా అని అన్నదమ్ములకి రాసిచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. పెళ్ళికాని నా స్నేహితురాలికి వీసా రాకపోతే, నిశ్చితార్థమైనా చేసుకుని వెళ్ళమని వాళ్ళమ్మ సలహా ఇచ్చింది.

పోయినేడాది ఒక ఫెలోషిప్ ఇంటర్వ్యూలో నా పరిశోధన గురించి పది నిమిషాలు అడిగాక, "పాపని ఎవరు చూసుకుంటారు?" అన్నారు. నా తర్వాత లోపలికెళ్ళినాయనకి ఇద్దరు పిల్లలు. ఆయన్ని అడగలేదు. అక్కడ నా పాప నా చదువుకి అడ్డు. అదే పాప వీసా కిటికీ దగ్గరికొచ్చేసరికి నేను తిరిగొస్తాననడానికి సాక్ష్యం. రెండు చోట్లా లెక్కలోకి వచ్చింది నా తల్లితనమే, నేను రాసిన ప్రతిపాదన కాదు.

ఎదురుచూపు అందరికీ ఒకే ధర పలకదు. దళితులు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకిచ్చే కేంద్ర ప్రభుత్వ జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పులో 30 శాతం స్త్రీలకి కేటాయించారు. వయోపరిమితి 35 ఏళ్ళు. పెళ్ళి, కాన్పు, ఉద్యోగం దాటుకుని చదువుకొచ్చే స్త్రీకి ఒక ఏడాది వాయిదా పడడమంటే అర్హతే పోవచ్చు. 2022 నిబంధనల్లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకి ఈ డబ్బు ఇవ్వమన్నారు. తన వాడ చరిత్ర రాయాలనుకున్న అమ్మాయికి తలుపు అక్కడే మూసుకుంది. 2025 జులైలో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చారు. తక్కిన 66 మందికీ నిధులుంటేనే అన్నారు. అదే ఏడాది మే నెలాఖరున అమెరికా కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఆపేసి, జూన్‌లో సోషల్ మీడియా ఖాతాలు చూస్తామంటూ మళ్ళీ మొదలుపెట్టింది. స్త్రీల మీద హింస గురించో, యుద్ధం గురించో రాసిన మాటల్ని తీసేయాలా వద్దా అని నా విద్యార్థినులు నన్నడిగారు. నడవడి గురించిన హామీ మళ్ళీ మొదటికొచ్చింది.

మనలో చాలామందిమి ఏదో ఒక ఎంపిక సంఘంలో కూర్చుంటున్నాం. పిల్లల గురించి ప్రశ్న వచ్చినప్పుడు అక్కడే అడ్డుకోవచ్చు. పిల్లల్ని కన్న ఏళ్ళని వయోపరిమితిలో లెక్కించవద్దని, ఫలితం ఎప్పుడు చెప్తారో ముందే తేదీ ప్రకటించమని పట్టుబట్టవచ్చు. వెళ్ళొచ్చినవాళ్ళ అనుభవాలు మన పత్రికల్లో చాలానే వచ్చాయి. వెళ్ళలేకపోయినవాళ్ళు తమకొచ్చిన తిరస్కార పత్రాలు, తమని అడిగిన ప్రశ్నలు దాచిపెట్టుకుని, రాసి పంపాలని కోరుకుంటున్నాను.