బొమ్మ రాజుది, బొరుసు ఎవరిది?

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం రెండు గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. బొమ్మవైపు పక్కకు తిరిగిన రాజు తల, చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృతం. బొరుసువైపు కమానులు పేర్చినట్టున్న కొండ, పక్కనే నాలుగు గుండ్రాలను కలిపిన ఉజ్జయిని గుర్తు. ఆ వైపు రాతలో భాష మాత్రం ద్రావిడం. తెలుగుకు దగ్గరని కొందరు, తమిళమని కొందరు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు.

శాతవాహనుల రోజువారీ నాణేలు ఎక్కువగా సీసం, రాగివే. వెండి మీద రాజు ముఖం వేసే పద్ధతి వారికి పశ్చిమ క్షత్రపుల నుంచి వచ్చింది, క్షత్రపులకు గ్రీకుల నుంచి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా బయటపడ్డాయి. సగానికి పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండనూ ఉజ్జయిని గుర్తునూ గుద్దించాడు, అదీ ఓడినవాడి ముఖం మీదే. గెలుపును ఇంతకన్నా చవగ్గా చాటుకోవడం కష్టం.

గ్రీకుల వెండి మీద రాజు ముఖం ఉన్నా లేకున్నా దేవుళ్లదే రాజ్యం. ఏథెన్సు నాణెం ఒకవైపు ఎథీనా, రెండోవైపు గుడ్లగూబ. మన ఊళ్లలో అపశకునమనే ఆ పిట్ట అక్కడ జ్ఞానదేవతకు తోడు. అలెగ్జాండర్ నాణెం మీద సింహం తోలు కప్పుకున్న హెరాక్లిస్, వెనక గద్దను పట్టుకుని కూర్చున్న జ్యూస్. బాక్ట్రియా రాజు అగథోక్లిస్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1970లో అఫ్ఘానిస్థాన్‌లోని ఐ ఖానుమ్‌లో దొరికిన అతని చదరపు వెండి నాణేల మీద ఒకవైపు నాగలి పట్టిన బలరాముడు, రెండోవైపు చక్రం పట్టిన కృష్ణుడు! ఏ సీమలో చెల్లాలో ఆ సీమ దేవుణ్నే వేశాడన్నమాట.

శాతవాహనులు రాజు ముఖాన్ని తీసుకున్నారు, వెండి బొరుసు మీద దేవుడి రూపం జోలికి పోలేదు. ఆ కొండ మేరువని ఒక వాదం, స్తూపమని మరో వాదం. కామవరపుకోట పక్కన గుంటుపల్లి స్తూపాలు చూసొచ్చినవారు రెండోదానికే మొగ్గుతారేమో. యాగాలు చేస్తూ బౌద్ధ భిక్షువులకూ దానాలిచ్చిన రాజులకు, ఎవరికి నచ్చినట్టు వారు చూసుకునే గుర్తే లాభం.

ఏలూరు నుంచి ఉత్తరానికి వెళితే పెదవేగి, పాత వేంగి. వేంగీ చాళుక్యుల కాలానికి దేవుడు నాణెం నడుమకే వచ్చేశాడు, ఈసారి బంగారం మీద. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలుచని రేకు నాణేల మధ్యలో వరాహం, చుట్టూ విడివిడి అచ్చులతో రాజు పేరు, పాలనా సంవత్సరం. రాజు ముఖం లేదు, బొరుసు ఖాళీ. ఇవి బర్మాలో అరకాన్ తీరానికి ఎదురుగా ఉన్న చెదుబా దీవిలోనూ దొరికాయి. అంత దూరం మోసుకెళ్లింది ఓడ వర్తకులే అయి ఉంటారు.